అసెసర్ సంతోషించెను

ఆస్పత్రి నుంచి వచ్చిన ఆటో ఆగింది కానీ బొమ్మలాయన దిగలేదు. డ్రైవరు సందు తప్పాడని ఆయన అనుకున్నాడు. ఎదురుగా పాలనురుగులాంటి సున్నం గోడ, దాని అడుగున నీలిరంగు పట్టీ, తలుపుకి ఇంకా తడారని రంగు. గచ్చు చూస్తే ఈగ వాలినా జారిపడేలా ఉంది. లోపల్నించి ఫినాయిలు వాసన పెద్దమనిషిలా నడిచొచ్చి, ఎవరూ రమ్మనకుండానే ఆటోలో ఆయన పక్కన సర్దుకుని కూర్చుంది.

"దిగండి," అంది భార్య. ముఖం చాటంత చేసుకుని ఉంది.

"మన షెడ్డేదే?"

"అదేనండీ. గుర్తుపట్టలేదు కదూ."

ఆయన దిగాడు. రెండు చేతులూ మోచేతుల దాకా కట్లు, చూడ్డానికి రెండు దిళ్లు భుజాలకి తగిలించుకున్నట్టున్నాడు. మెల్లిగా లోపలికి తొంగిచూశాడు. కిందటి వారం ఈ షెడ్డు తన కళ్లముందే తగలబడింది. గోడలు బొగ్గయ్యాయి. బొమ్మలు కరిగి ఒకదాన్నొకటి కౌగలించుకుని కూలిపోయాయి. కంప్రెసరు మాడి మసైంది. ఇప్పుడు అందులో ఒక్కటీ లేదు. మధ్యలో ఒక కుర్చీ, దాని మీద తెల్లటి దుప్పటి, పక్కన స్టూలు మీద గాజుగ్లాసులో పూలు. అంతే. చీమ దాక్కోడానికి కూడా చోటు లేనంత శుభ్రం.

గడప మీద కూలబడ్డాడు. చుట్టూ మూగిన చుట్టాలు, ఆనందం పట్టలేక కూర్చున్నాడని తలో మాటా అనుకుని మురిసిపోయారు.

ఆయన్ని బొమ్మలాయన అనడం ఎందుకంటే, బట్టల కొట్ల ముందు కొత్త బట్టలు తొడుక్కుని నిలబడతాయే, ఆ బొమ్మలు చేసేది ఆయనే. ముందు మట్టితో మనిషిని చేస్తాడు. ఆ మట్టిమనిషి మీద ప్లాస్టరు పోసి అచ్చు తీస్తాడు. అచ్చు లోపల మైనం పూసి, ఫైబరు చాప పరిచి, దాని మీద రెజిన్ జిగురు పూసి ఆరబెడతాడు. గట్టిపడ్డాక రెండు ముక్కలూ అతికించి, గరుకు కాగితంతో రుద్దీ రుద్దీ నున్నగా చేసి, కంప్రెసరు గాలితో ఒంటిరంగు కొడతాడు. ఆయన చేతిలో తయారైన బొమ్మ ఎలా ఉండేదంటే, ఓసారి దాన్ని బస్సులో తీసుకెళ్తుంటే కండక్టరు టికెట్టు అడిగాడట. అది పలక్కపోయేసరికి, ఇంత పొగరేమిటని తర్వాతి స్టాపులో దింపేశాడట. ఇది వీధిలో అందరూ చెప్పుకునే మాట. అబద్ధం కూడా అయ్యుండొచ్చు గానీ, బస్సూ కండక్టరూ మాత్రం నిజం.

కిందటి వారం ఓ పగలు ఫ్యాను తీగలోంచి నిప్పురవ్వ రాలి ఫైబరు చాప మీద పడింది. పక్కనే రెజిన్ డబ్బాలు. ఇంక చెప్పేదేముంది. ఆయన అచ్చుల కోసం రెండుసార్లు లోపలికి ఉరికాడు. ఒక్క అచ్చూ బయటికి రాలేదు, చేతులు మాత్రం కాలి వచ్చాయి.

ఒకటే ఆశ. షెడ్డుకి ఇన్సూరెన్సు ఉంది. ఆస్పత్రి మంచం మీద ఉండగా వాళ్లు ఫోను చేశారు. నష్టం చూడ్డానికి అసెసర్ వస్తాడనీ, వచ్చి చూసేదాకా అక్కడ పుల్ల కూడా కదపొద్దనీ చెప్పారు. బొమ్మలాయన గొంతు నిండా పొగ. భార్యని దగ్గరికి పిలిచి, ఉన్న ఊపిరంతా కూడగట్టుకుని, "అసెసర్ వస్తాడు. షెడ్డు జాగ్రత్త," అన్నాడు. తర్వాత దగ్గు తెర వచ్చింది. ఆ దగ్గు ఇంకాసేపు ఆగి ఉంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది.

భార్య ఇంటికొచ్చి మేనమామని అడిగింది. ఆయన్ని లోకమంతా డిక్షనరీ మామయ్య అంటుంది. బడిలో ఇంగ్లిషు చెప్పి రిటైరైన మనిషి. ఎవరు ఏ మాట అడిగినా ముందు కళ్లజోడు తుడుచుకుంటాడు, తర్వాత గొంతు సవరించుకుంటాడు, ఆ తర్వాత అడిగినవాళ్లు ఉన్నారా వెళ్లిపోయారా అని చూసుకుని మొదలెడతాడు.

అసెసర్ అంటే అసలు పక్కన కూర్చునేవాడని అర్థమన్నాడు. పూర్వం న్యాయాధికారి పక్కన కూర్చుని సలహా చెప్పేవాడట. తర్వాత్తర్వాత ఎవరెంత పన్ను కట్టాలో తేల్చేవాడయ్యాడు. ఇప్పుడు ఏ సంగతైనా వచ్చి, చూసి, దాని విలువ ఇంతని చెప్పేవాడు. ఇందులో ఒక్క ముక్క తప్పులేదు. అక్కడితో ఆపినా బాగుండేది. కానీ మామయ్యకి బడి అలవాటు పోలేదు, మాట చెప్పాక వాక్యంలో పెట్టి చూపిస్తే గానీ ముద్ద దిగదు.

"అసెసర్ మా ఇంటికి వచ్చెను. అసెసర్ అంతయు చూచెను. అసెసర్ సంతోషించెను," అన్నాడు.

అక్కడే ఉంది బొమ్మలాయన భార్య అక్కగారు, అంటే బొమ్మలాయనకి వదిన. ఆవిడ ఆ మూడో వాక్యం దగ్గర పట్టుకుంది. ఎలా సంతోషిస్తాడని అడిగింది. ఆ కొంపలో ఏం చూసి సంతోషిస్తాడు, మసి చూసా, మాడిన కాళ్లూ చేతులూ చూసా? పరాయి మనిషి, అందులోనూ విలువ కట్టే మనిషి గుమ్మంలోకి వస్తుంటే ఆ దరిద్రం చూపించి పరువు తీసుకుంటామా అంది. అని కొంగు బిగించింది.

ఆ అక్కచెల్లెళ్ల పుట్టింటి సంగతి తెలియనివాళ్లకి చెప్పాలి. వాళ్లది చీపురు పట్టిన వంశం. ఆ ఇంట్లో కాకి వాలాలన్నా కాళ్లు తుడుచుకుని వాలేది. గాలిదుమారం వస్తే ఆ ఇంటి దాకా వచ్చి, లోపల మనుషులున్నారని తెలుసుకుని, చుట్టు తిరిగి పక్క వీధిలోంచి పోయేది. వాళ్ల తాతగారు ప్రాణం పోయేముందు లేచి, తన పక్కబట్టలు తనే మడతపెట్టి, అప్పుడు పోయాడని చెబుతారు. అలాంటి రక్తం వదినది. చెల్లెలూ, పిన్ని కూతుళ్లూ, తోడికోడళ్లూ అందరినీ పోగేసి పనిలోకి దిగింది. మసిని గీకారు, కడిగారు, రుద్దారు. కరిగిన బొమ్మల్నీ, పగిలిన అచ్చుల్నీ, మాడిన కంప్రెసర్నీ చెత్త లారీకెత్తించారు. సున్నాలు వేశారు. అసెసర్ పక్కన కూర్చునేవాడు గనక కుర్చీ వేసి దాని మీద దుప్పటి పరిచారు. అంతా అయ్యాక వెనక్కి నిలబడి చూసుకుని, వచ్చేవాడు సంతోషించక చస్తాడా అనుకున్నారు.

గడప మీద కూలబడ్డ బొమ్మలాయన గొంతులో మిగిలిన పొగతోనే సంగతి చెప్పాడు. వచ్చేవాడు కట్టేది షెడ్డు విలువ కాదు, నష్టం విలువ. నష్టం కంటికి కనపడాలి. ఇప్పుడు వచ్చి చూస్తే ఇక్కడ నష్టం అనేది ఏ మూలా లేదు. నిప్పంటుకున్నట్టు కూడా లేదు. ఇన్సూరెన్సు రాకపోతే కంప్రెసరు లేదు, రెజిన్ లేదు, షెడ్డు లేదు. వచ్చేది రేపు పొద్దున్నే.

వదిన చేతిలో తడిగుడ్డ ఉంది. అది బొట్టుబొట్టుగా కారుతుంటే, అలవాటు కొద్దీ కాలితో ఆ నీళ్లు తుడుస్తూ నిలబడింది. ఆవిడ మొగుడు, పంక్చరు అన్నయ్య, గోడకానుకుని నేల చూస్తున్నాడు. సందు చివర పంక్చరు షాపు ఆయనది. ట్యూబులకి గాలి పెట్టీ పెట్టీ తన మాటల్లోకి గాలి మిగుల్చుకోని మనిషి. నెలకో మాట మాట్లాడితే గొప్ప. బొమ్మలాయన చూపు ఆయన మీద పడి పక్కకి తప్పుకుంది. షెడ్డు మూతపడితే తను ఎక్కడ తేలేదీ తెలుసు. తోడల్లుడు రమ్మంటాడు, కాదనడు. అక్కడ ఓ పీట మీద కూర్చుని ట్యూబుని నీళ్లలో ముంచి బుడగలు ఎక్కడొస్తున్నాయో చూస్తూ ఉండాలి. ఆ పని తక్కువని కాదు. ఒకసారి ఆ పీట మీద కూర్చుంటే మళ్లీ లేచే ఓపిక తనకి ఉండదు, అదీ భయం.

అందరూ లోపల గుసగుసలాడుతుంటే ఆయన లేచి పక్కనే ఉన్న ఇంట్లో వంటగదిలోకి వెళ్లాడు. పొయ్యి గట్టు మీద అగ్గిపెట్టె ఉంది. ఒకసారి కాలిందాన్ని ఇంకోసారి కాల్చుకుంటే ఎవరికి నష్టం? తనదే కదా. రెండు కట్ల మధ్యా అగ్గిపెట్టెని ఇరికించుకుని తెరవబోయాడు. అది రాలేదు. పళ్లతో లాగాడు. పుల్లలన్నీ నేల మీద పడ్డాయి. ఒక్క పుల్లని కూడా పట్టుకోడానికి వేలన్నది బయటికి లేదు. మోకాళ్ల మీద కూర్చుని ఆ దిళ్లతో పుల్లల్ని అటూ ఇటూ తోస్తుంటే భార్య వచ్చింది. ఒక్కొక్క పుల్లా ఏరి, పెట్టెలో పెట్టి, పెట్టెని బొడ్లో దోపుకుంది. తర్వాత ఆయన కన్నీళ్లు తన కొంగుతో తుడిచింది, ఆయన చేతులకి ఆ పని కూడా రాదు గనక.

వదిన అప్పటికే తేరుకుంది. మనం పారేసిందే కదా, మనమే తెచ్చుకుందాం అంది. పంక్చరు అన్నయ్య ట్రాలీ ఆటో తీశాడు. అక్కచెల్లెళ్లూ, డిక్షనరీ మామయ్యా అందులో ఎక్కి ఊరవతల చెత్త పోసే చోటికి వెళ్లారు. బొమ్మలాయన్ని ఇంట్లోనే ఉండమన్నారు. పొద్దు వాలేసరికి తిరిగొచ్చారు. ఆ చెత్తకొండలో ఎవరో నిన్ననే పోసిన ఇటుకల కింద ఒక తలా, రెండు మూడు మొండేలూ, కరిగిపోయిన చేతులూ దొరికాయట. ప్లాస్టరు అచ్చులు మాత్రం పొడిపొడి అయిపోయి మట్టిలో కలిసిపోయాయి. కంప్రెసరు లేదు. ఇనుం ఏరుకునేవాళ్లు మొదటి రోజే పట్టుకుపోయారు.

కంప్రెసరు లేదన్న మాట విని బొమ్మలాయన గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆస్పత్రి మాత్రలు నిద్రలోకి ఈడ్చేశాయి. బయట ఎవరెవరో వస్తూ పోతూ ఉన్న అలికిడి కలలో వినిపించింది.

తెల్లారి లేచి షెడ్డు కేసి చూస్తే, అందులో కొండ ఉంది.

అక్కచెల్లెళ్ల కష్టం విని వీధి వీధంతా కరిగిపోయింది. ఎవరింట్లో ఎప్పుడు ఏది మాడినా అది తెచ్చి ఇచ్చేశారు. అడుగంటిన గిన్నెలు, చిల్లు పడ్డ టీ కెటిలు, సగం కాలిన మంచం కోడు, దర్జీ తగలబెట్టుకున్న ఇస్త్రీపెట్టె, ఎవరిదో చిన్నప్పటి మాడిన రేడియో. షెడ్డులో కాలు పెట్టే సందు లేదు. తలుపు దగ్గర పెళ్లిపందిట్లో పెద్దల్లా ఆ గిన్నెలు వరసగా కూర్చున్నాయి. బొమ్మ తల వాటి మధ్య నుంచి ఒక కన్నుతో చూస్తోంది. మూలన, నల్లగా, పొగ వాసన కొడుతూ, ఒక కంప్రెసరు.

ఆయన నోరు తెరిచేలోగా సందు మొగలో కారు ఆగింది.

అసెసర్ మగమనిషే అయ్యుంటాడని అందరూ అనుకున్నారు. దిగింది ఒక ఆవిడ. భారీ మనిషి, నెరిసిన జుట్టు, మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్ల నడక. ఒక చేతిలో టార్చీ, ఇంకో చేతిలో మడతపెట్టే చిన్న స్టూలు. డిక్షనరీ మామయ్య ఎదురెళ్లి కుర్చీ చూపించాడు. ఆవిడ దాన్నీ, దాని మీది దుప్పటినీ, పూలనీ చూసి, కాలిపోయిన చోట్లకే వెళ్తుంటాను గనక కుర్చీ నేనే తెచ్చుకుంటానని చెప్పి, స్టూలు విప్పి బొమ్మలాయన పక్కన వేసుకుని కూర్చుంది. మామయ్య అందరి వైపూ గర్వంగా చూశాడు. పక్కన కూర్చునేవాడు అన్నాను, విన్నారా అని ఆ చూపుకి అర్థం. ఎవరూ ఆయన్ని చూసే స్థితిలో లేరు.

ఆవిడ కొండని కింద నుంచి పైదాకా చూసింది. తర్వాత తెల్లటి గోడలు చూసింది. మంట భలే మంటే, సామాను కాలింది గానీ గోడలకి సున్నం వేసి పోయింది అంది. నవ్వలేదు. కెటిలు ఎత్తి పట్టుకుని, "బొమ్మలు టీ కూడా తాగేవా?" అని అడిగింది.

ఆవిడ కెటిలు కింద పెట్టి, నిదానంగా, తను కంటితో చూసిందే రాస్తాననీ, ఇందులో ఏది మీదో ఏది కాదో మీరే చెప్పాలనీ అంది. చుట్టూ వీధివాళ్లంతా ఉన్నారు. టీ కొట్టావిడ తన కెటిలు వైపు ఆశగా చూస్తోంది, తనవంతు సాయం లెక్కలోకి వస్తుందని.

ఆయన కట్టు కట్టిన చెయ్యి ఎత్తి చూపించడం మొదలుపెట్టాడు. కెటిలు నాది కాదండి. గిన్నెలు నావి కావు. మంచం కోడు కాదు. ఇస్త్రీపెట్టె కాదు. ఒక్కొక్కటీ అన్నప్పుడల్లా జనంలో ఒక్కొక్కరి ముఖం వాడిపోయింది. ప్రేమగా పెట్టిందాన్ని పదిమందిలో తీసి బయట పారేసినట్టుంది. దర్జీ తన పెట్టె తను తీసుకుని, పోనీలెండి, మా బుద్ధి తక్కువ అనుకుంటూ వెళ్లిపోయాడు. బొమ్మలాయన తలెత్తలేదు. కొండ తరిగింది. తలా, మొండేలూ, కరిగిన చేతులూ మిగిలాయి. అవి నావేనన్నాడు. ఆవిడ రాసుకుంది.

"మరి అది?"

కంప్రెసరు. పంక్చరు అన్నయ్య దాని పక్కనే నిలబడి ఉన్నాడు. వదిన ఆయన పక్కన. ఇద్దరూ రాత్రి నిద్రపోనట్టుగా ఉన్నారు. అప్పటికి బొమ్మలాయనకి అర్థమైంది అదెక్కడిదో. ఆ ట్యాంకు మీది సొట్ట తనకి తెలుసు, ఎన్నోసార్లు దాని పక్కన కూర్చుని తోడల్లుడితో కబుర్లు చెప్పాడు. అంటే కబుర్లు తనే చెప్పాడు.

తనకి కంప్రెసరు ఉండేది, అది కాలింది, అందులో అబద్ధం లేదు. ఇది దాని బదులు నిలబడింది, అంతే. అవును అన్న ఒక్క మాట చాలు. షెడ్డు నిలబడుతుంది. వదిన కళ్లు ఆ మాట అనమని బతిమాలుతున్నాయి. ఆయన పెదాలు కదిలాయి. గొంతులో పొగ అడ్డం తిరిగింది. దగ్గి, దగ్గి, కళ్లనీళ్లు కారుతుంటే అన్నాడు.

"నాది అచ్చం ఇలాంటిదేనమ్మా. కానీ ఇది నాది కాదు."

పంక్చరు అన్నయ్య కంప్రెసరు మీద ఉన్న చెయ్యి తీసేసి, ఆ మసి చేతిని చొక్కా వెనకాల దాచుకున్నాడు, బళ్లో దొరికిపోయిన పిల్లాడిలా. వదిన ముఖం ఎర్రబడింది. అసెసరమ్మ తన వేలుతో ట్యాంకు మీద గీసి, వేలు వాసన చూసి, ఇది టైరు పొగ, నిన్నటి మసి అంది మామూలుగా. తర్వాత, మీ కంప్రెసరు ఉన్నట్టు ఏదైనా గుర్తు చూపించగలరా అని అడిగింది. ఎక్కడుండేది, ఎలా ఉండేది, బొమ్మలు ఎటువైపుండేవి.

బొమ్మలాయన మూల వైపు చూపించాడు. అక్కడ అద్దంలాంటి గచ్చు. గుర్తన్నది మచ్చుకి లేదు. చుట్టూ తెల్లటి గోడలు. అన్నీ కడిగేశారమ్మా, నేను ఆస్పత్రిలో ఉన్నాను, మంట ఆరాక ఎలా మిగిలిందో నాకూ తెలియదు, మా వదిన చూసింది అన్నాడు. అసెసరమ్మ వదిన వైపు తిరిగింది.

వదిన నోరు విప్పలేదు. తన మొగుణ్ణి నలుగురిలో దొంగని చేసి నిలబెట్టినవాడి కోసం ఎందుకు విప్పాలి? పమిట భుజం చుట్టూ కప్పుకుని రాయిలా నిలబడింది. చెల్లెలు వెళ్లి చెయ్యి పట్టుకుంటే విదిలించుకుంది. బొమ్మలాయన ఆవిడ ముందుకి నడిచాడు. దణ్ణం పెడదామని చేతులు దగ్గరికి తెచ్చాడు. ఆ రెండు దిళ్లూ ఒకదానికొకటి తగిలి మెత్తగా ఆగిపోయాయి. అరచేతులు కలవలేదు. అలాగే పట్టుకుని నిలబడ్డాడు.

వదిన చూసింది. చూసి భగ్గుమంది.

"ఏం చెప్పమంటావు మరిదీ? నీ సంసారం ఎంత రోతగా ఉందో చెప్పమంటావా? చెప్తాను వినండమ్మా. ఇదిగో ఈ మూలే ఆ కంప్రెసరు ఏడిచింది. దాని కింద నూనె మడ్డి నా బొటనవేలంత మందాన అట్టకట్టింది. ఎన్నేళ్ల పాపమో అది. కిరసనాయిలు పోసి ఇటుకముక్కతో రుద్దాను. ఇవి చూడండి నా చేతులు. నాలుగు బోల్టులు నేలలో ఇరుక్కుపోయి ఊడిరాక చస్తే, సిమెంటు మెత్తించాను పైన. ఇక ఆ గోడ. ఆడబొమ్మలన్నీ కరిగి కారి ఆ గోడని వాటేసుకున్నాయి. ఒక్కోదాన్నీ తిట్టుకుంటూ చాకుతో ఊడదీశాను. అటువైపు మగబొమ్మలు, వాటికి బుద్ధుంది, నేల మీద పడ్డాయి. వాటి కింద మూడు డబ్బాల జిగురు కారి, నా చెప్పు అందులోనే పోయింది. తలలు వేరే, అటక మీద. ఒక్కటీ వదలకుండా నా వంక చూస్తూనే ఉన్నాయి. నాకు ఇప్పటికీ నిద్ర పట్టట్లేదు. మనిషన్నవాడు ఇలా ఉంచుకుంటాడా కొట్టుని? ఆ ఫ్యాను తీగకి బూజు, బూజుకి నూనె, అంటుకోక ఏమవుతుంది?"

తిడుతూ తిడుతూ ఆ మూల నుంచి ఈ మూలకి నడిచింది. ప్రతి చోటా ఆగి ఏది ఎలా కాలిందో, దాన్ని వదిలించడానికి తను ఎంత చచ్చిందో చెబుతూ పోయింది. అసెసరమ్మ స్టూలు పట్టుకుని ఆవిడ వెనకాలే వెళ్లి, ఆవిడ ఆగిన చోటల్లా పక్కన వేసుకుని కూర్చుంది. అడ్డు తగల్లేదు. రాసుకుంటూనే ఉంది. మూల దగ్గర చిన్న ఉలితో సిమెంటు గీకితే బోల్టు తల బయటపడింది. గోడ మీద తాళం చెవితో సున్నం గీస్తే, కింద మసి, మసిలో అతుక్కుని గోరంత ఒంటిరంగు ముక్క. ఆవిడ టార్చీ వేసి దాన్ని ఫోటో తీసుకుంది.

వదిన కేకలు అయిపోయేసరికి గొంతు బొంగురుపోయింది. చెల్లెలు నీళ్లిస్తే తాగి, గ్లాసు కడిగి బోర్లించింది.

అసెసరమ్మ లేచి మోకాళ్లు రుద్దుకుంది. కంప్రెసరు రాస్తానంది. బొమ్మలు రాస్తానంది. గోడలు రాయలేను, అవి ఇప్పుడు ముందుకంటే బాగున్నాయి కదా అంది. అచ్చుల దగ్గరికి వచ్చేసరికి తల అడ్డంగా ఊపింది. వాటికి గోడ మీద గీతైనా లేదు, చేటెడు బూడిదైనా లేదు, మాట మీద అంత పెద్దది రాయడానికి తనకి చెయ్యి రాదు.

"అచ్చులే కదమ్మా అసలు," అన్నాడు బొమ్మలాయన. గట్టిగా కూడా అనలేదు.

ఆవిడ ఆయన వైపు చూసి, ఇందాక ఆ నల్లది నాదే అని మీరనుంటే అప్పుడే స్టూలు మడిచేసేదాన్ని అంది. అంతకంటే ఓదార్పు ఆవిడ దగ్గర లేదు. పైవాళ్లకి నమ్మకం కుదరకపోతే మళ్లీ చూడమని పంపిస్తారనీ, అప్పటిదాకా ఏదెక్కడుందో అలాగే ఉండాలనీ, ఏదీ ముట్టుకోవద్దనీ ఒకటికి రెండుసార్లు చెప్పింది. రెండోసారి చెప్పేటప్పుడు వదిన వైపు చూసి చెప్పింది.

కారు వెళ్లిపోయాక జనం పల్చబడ్డారు. డిక్షనరీ మామయ్య అలవాటుగా గొంతు సవరించుకుని, "అసెసర్ వచ్చెను. అసెసర్ చూచెను. అసెసర్..." అని మూడో మాట కోసం వెతుక్కున్నాడు.

"వెళ్లెను అనండి మామయ్యా," అంది బొమ్మలాయన భార్య. ఆయన కళ్లజోడు తీసి జేబులో పెట్టుకున్నాడు.

బొమ్మలాయన తోడల్లుడి దగ్గరికి వెళ్లాడు. ఏమని మొదలెట్టాలో తెలియక, "అన్నయ్యా, అది మూలపడిందేనా?" అన్నాడు.

పంక్చరు అన్నయ్య నోరు తెరిచాడు. "నిన్న సాయంత్రం దాకా పనిచేసింది."

అది ఆ నెలకి ఆయన మాట. చుట్టూ టైర్లు పేర్చి, మంట పెట్టి, తన కొట్టు అన్నం పెట్టే యంత్రాన్ని తనే కాల్చుకున్నాడు. మోటారు చుట్టలు మాడిపోయాయి, గొట్టం కరిగిపోయింది. ఇప్పుడు సందులో కాలినవి రెండు కొట్లు.

బొమ్మలాయన ఆయన పక్కన గోడకి చేరగిలబడ్డాడు. వచ్చే కంప్రెసరు ముందు మీ కొట్టుకే అన్నాడు. అచ్చులు లేకుండా నాకది ఎందుకు అని కూడా అందామనుకుని, మింగేశాడు. అది వచ్చేదాకా గాలి కొట్టే పంపు ఒకటుందనీ, కాలితో తొక్కేదనీ పంక్చరు అన్నయ్య సైగ చేశాడు. కాళ్లు బాగానే ఉన్నాయి కదా అన్నట్టు బొమ్మలాయన కాళ్ల వైపు చూశాడు. బొమ్మలాయన కూడా తన కాళ్ల వైపు చూసుకున్నాడు. పీట కాకపోతే పంపు. రేపట్నుంచి వస్తానని తలూపాడు.

ఇటు షెడ్డులో వదిన చీపురు పట్టుకుని నిలబడి ఉంది. నేల మీద నిన్న చెత్తకొండ నుంచి తెచ్చిన మట్టి, గీకిన సున్నం పొడి, మసి అడుగులు, ఒంటికన్ను తల. చీపురు కొస నేలకి ఆనింది, ఒక్క విసురు విసరబోయింది.

"వదినా, ఉండనీండి," అన్నాడు బొమ్మలాయన గుమ్మంలోంచి. "ముట్టుకోవద్దన్నారు."

వదిన ఆగింది. అటూ ఇటూ చూసింది. దిక్కుతోచక, అసెసర్ కోసం వేసిన కుర్చీలో, ఆ తెల్ల దుప్పటి మీద కూర్చుంది. చీపురు ఒళ్లో పెట్టుకుని, ఎదురుగా ఉన్న మసిని కన్నార్పకుండా చూస్తూ, పొద్దు గుంకేదాకా అలాగే ఉండిపోయింది.